ఫొటోలో ఉన్న గిన్నె ఎవరిది?

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రిక 7వ పేజీలో కింద ఎడమ మూల ఒక ఫొటో వేశారు. ఒక పెద్దమనిషి రెండు చేతులతో గిన్నె పట్టుకుని నవ్వుతున్నారు. పక్కన ఇద్దరు, వెనక ముగ్గురు. కింద ఇలా రాశారు: ‘ప్రదర్శనలో మట్టి పాత్రలను ఆసక్తిగా తిలకిస్తున్న ముఖ్య అతిథి, తదితరులు’. ముఖ్య అతిథి పేరు ఉంది, హోదా ఉంది, అంతకుముందు చేసిన హోదా కూడా ఉంది. పక్కనున్న ఇద్దరి పేర్లున్నాయి. హాలు పేరుంది. ఆ హాలు ఎవరి జ్ఞాపకార్థం కట్టారో ఆయన పేరూ వచ్చేసింది. వెనకున్న ముగ్గురం మాత్రం తదితరులం. ఆ తదితరుల్లో నీలం చీర కట్టుకుని, కళ్లజోడు పైకి తోసుకుంటూ సగం కనిపిస్తున్నది నేను. ఆ గిన్నె చేసింది నేనే.

తప్పు దిద్దమని రాస్తున్న ఉత్తరమిది. కొంచెం పొడుగవుతుంది. ముప్పయ్యేళ్లు హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పినదాన్ని. తప్పు కింద గీత గీసి ఊరుకోవడం చేతకాదు, ఎందుకు తప్పో పక్కన రాయాలి.

ముందు చిన్న తప్పులు కానిద్దాం. ‘మట్టి పాత్రల్లో వండుకు తింటే రోగాలు దరిచేరవు’ అని ముఖ్య అతిథి ప్రసంగించినట్టు రాశారు. ప్రసంగించారు, నేనూ విన్నాను. కానీ ఆ సమయంలో ఆయన చేతిలో ఉన్నది వండుకునే పాత్ర కాదు. పొయ్యి మీద పెట్టి మంట పెడితే కాసేపటికి టప్పున పగులుతుంది. అందులో పులిహోర వడ్డించుకోవచ్చు, పెరుగు తోడు పెట్టుకోవచ్చు, ఏమీ వేయకుండా ఊరికే చూస్తూ కూర్చోవచ్చు. దాన్ని స్టోన్‌వేర్ అంటారు. ఈ మాట కొత్తగా అనిపిస్తే మీ ఇంట్లో అమ్మమ్మల నాటి ఆవకాయ జాడీ గుర్తు తెచ్చుకోండి. పైన గోధుమ రంగు, కింద మీగడ రంగు, చేతిలోకి తీసుకుంటే రాయంత బరువు. ఏడాది పొడుగునా ఉప్పూ నూనే నిలవున్నా బయటికి చెమ్మ రాదు. అంత వేడికి కాలిన మట్టిలో సన్నటి సందులన్నీ మూసుకుపోతాయి. తెలుగువాళ్ల ఇళ్లలో స్టోన్‌వేర్ ఎప్పటినుంచో ఉంది, మనం దాన్ని జాడీ అంటాం, అంతే.

రెండోది, ‘పర్యావరణహితమైన’ అన్న విశేషణం. మట్టి అనగానే ఈ మాట దానంతటదే వచ్చి కూర్చుంటుందనుకుంటా. నా బట్టీ ఒక్కసారి కాల్చడానికి రెండు కమర్షియల్ సిలిండర్లు కావాలి, ఒక్కోసారి మూడోది కూడా విప్పాలి. 12 గంటలు మండితే గానీ 1,280 డిగ్రీలు రాదు. ఒకసారి కాలాక ఆ గిన్నె తిరిగి మట్టిలో కలవడం నా మనవరాళ్ల మనవరాళ్లు కూడా చూడలేరు. లేని గొప్ప అంటగడితే మోయడం కష్టమండీ.

ఇక పెద్ద తప్పు, పేరు.

అదే 7వ పేజీలో పైన ఒక చిత్రకారుడి పెయింటింగ్ వేశారు. దాని కింద బొమ్మ పేరు, ఆయన పేరు, ‘కాన్వాస్‌పై యాక్రిలిక్’ అన్న ముక్క కూడా ఉంది. చాలా బాగుంది. అదే పేజీ, అదే రోజు. కాన్వాసు మీద అయితే ఒక మనిషి చేసినట్టు, మట్టి అయితే వానకి పుట్టగొడుగు మొలిచినట్టు దానంతటదే లేచినట్టు రాశారు. సూర్యాపేటలో పుట్టి, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో పాఠాలు చెప్పిన జి. రవీందర్ రెడ్డి గారి తలల శిల్పాలున్నాయి కదా, పెద్ద పెద్ద కళ్లు, కొప్పులు, కొప్పుల్లో పువ్వులు. వాటి ఫొటో వేసినప్పుడు ఆయన పేరు లేకుండా ఎవరూ వేయరు. ఆయనా మొదట్లో మట్టితో పని చేసినవారే. మట్టిని తలగా మలిస్తే శిల్పం, గిన్నెగా మలిస్తే పాత్ర అయిపోతుంది కాబోలు.

ఆ గిన్నె ఎలా పుట్టిందో చెప్తాను, మీ విలేకరి అడిగి ఉంటే అక్కడే చెప్పేదాన్ని. ఆ అబ్బాయి పాపం చాలా హడావిడిలో ఉన్నాడు, ఇంకో ప్రారంభోత్సవానికి వెళ్లాలన్నాడు.

మట్టిలో ఎక్కువ పాలు ద్వారకా తిరుమల వైపు దొరికే తెల్ల బంకమట్టి. కొంత చైనా క్లే, కొంత గూడూరు నుంచి తెప్పించుకునే ఫెల్డ్‌స్పార్ అనే రాతి పొడి, కాస్త క్వార్ట్జ్ పొడి. కలిపి, వడకట్టి, ఆరబెట్టి, మూడు నెలలు గోనెపట్టా కింద మాగబెడతాను. అలా మాగిన ముద్ద వేళ్లకి చపాతీ పిండి కంటే బాగా లొంగుతుంది. సారె, అంటే కుమ్మరి చక్రం మీద 9 అంగుళాల గిన్నె తీయాలంటే 10 అంగుళాలు దాటించి తీయాలి, ఎందుకంటే ఆరి, కాలి బయటికొచ్చేసరికి నూటికి 12 పాళ్లు ముడుచుకుపోతుంది. ఈ లెక్క తెలియక మొదటి ఏడాది నేను చేసిన కాఫీ కప్పులన్నీ బొమ్మరిల్లు సామానులా వచ్చాయి.

దాని మీద తెల్లగా, మీగడ కారినట్టు చారలు కనిపిస్తున్నాయి చూడండి. మీ అచ్చులో బూడిద రంగు మచ్చల్లా వచ్చాయి గానీ అసలు చాలా బాగుంటాయి. అది మా ఊరి రైసు మిల్లు ఊక. వరి ఊక కాల్చిన బూడిదలో 90 శాతం పైనే సిలికా, అంటే గాజుకి మూలం. నాలుగు పాళ్లు ఫెల్డ్‌స్పార్, మూడు పాళ్లు సరుగుడు కట్టె బూడిద, మూడు పాళ్లు ఊక బూడిద. కట్టె బూడిదని నీళ్లు మార్చి మార్చి కడగాలి, లేకపోతే చేతులు ఒరిసిపోతాయి. ఈ పాళ్లు నేను కనిపెట్టినవి కావు, వరి పండే జపాన్‌లో ఊక గ్లేజు, అంటే కాలితే గాజులా మారే పూత, ఎప్పటినుంచో ఉంది. వరి పండే గోదావరి ఒడ్డున మనం ఆ బూడిదతో అంట్లు తోముకున్నాం, పళ్లు తోముకున్నాం. నేను ఈ తెలుపు దగ్గరికి రావడానికి 43 చిన్న పలకలు కాల్చి చూసుకున్నాను. నోటు పుస్తకంలో అన్నీ ఉన్నాయి.

తెలుపు కింద లోపలి నుంచి నల్లని గోధుమ రంగు తొంగి చూస్తుంది. అది మా నాన్న మట్టి.

మా నాన్న కుమ్మరి. రాజమండ్రికి బస్సులో గంట దూరం మా ఊరు. మా వాళ్లు కుండ ‘చేశాను’ అనరు, ‘వానాను’ అంటారు. చెరువు మట్టి తెచ్చి, అమ్మా నాయనమ్మా కాళ్లతో తొక్కి మెదిపితే, నాన్న సారె కర్రతో తిప్పి వానేవాడు. లోపల గుండ్రాయి ఆనించి బయట చెక్కతో తట్టి అడుగు పలచన చేసేవాడు. తర్వాత అమ్మ జాజు పూసేది. ఆవం, అంటే కుండలు కాల్చే బట్టీ పేర్చేదీ, కాలాక బూడిదలోంచి తీసేదీ, తట్టలో పెట్టుకుని సంతకి మోసేదీ ఆడవాళ్లే. సారె దగ్గరికి మాత్రం ఆడపిల్ల వెళ్లకూడదు. ఎందుకూ అనడిగితే ‘అంతే’ అనేవారు. తొమ్మిదేళ్లప్పుడు ఒకరోజు మధ్యాహ్నం అందరూ పడుకున్నాక వెళ్లి సారె తిప్పాను. నాయనమ్మ చూసి కొట్టలేదు, ఏడ్చింది. దెబ్బ కంటే అదే ఎక్కువ గుర్తుంది.

పెళ్లిళ్లకి అరివేణి కుండల మీద సున్నంతో ముగ్గు, చుక్కలు పెట్టే పని నాకిచ్చేవారు. మేళతాళాలతో వచ్చి మా ఇంటి ముందు పసుపు కుంకుమ పెట్టి తీసుకెళ్లేవారు. ఆ ఒక్కరోజు మాకు చీరా రవికె గుడ్డా మర్యాదగా దక్కేవి. మర్నాటి నుంచి నాన్న మళ్లీ ‘కుమ్మరోడు’. ఆయనకి పేరు ఉంది, ఓటరు లిస్టులో ఉంది, రేషన్ కార్డులో ఉంది. ఊళ్లో ఎవరి నోట్లోనూ లేదు. ఇది పాత కోపం, మీ మీద కాదు. కాకపోతే ఆదివారం ఆ తదితరులు చదవగానే ముందు గుర్తొచ్చింది ఇదే.

అయితే ఇంకో సంగతి కూడా చెప్పాలి. నాన్న కుండని చూసి అది ఆయనదని చుట్టుపక్కల నాలుగూళ్లవాళ్లు గుర్తుపట్టేవారు. కడవ మెడ దగ్గర ఆయన వేలు ఒక చిన్న గాడి తీసేది, అంచు బయటికి కొంచెం ఎక్కువ వాలేది. సంతలో ఆడవాళ్లు మూతి తడిమి, ‘ఇది మా ఊరి కడవ కాదే’ అనేసేవారు. మనిషి పేరు పలకకపోయినా కుండని చదవడం వాళ్లకి వచ్చు. ఇప్పుడు ఆ చదువు పోయింది, అందుకే అచ్చులో పేరు వేయమని అడగాల్సి వస్తోంది.

సారె ముందు కూర్చున్న ఆడమనిషిని నేను మొదటిసారి చూసింది 1998లో, పదో తరగతి పిల్లలని పుదుచ్చేరి ఎక్స్‌కర్షన్‌కి తీసుకెళ్లినప్పుడు. పిల్లలు బీచికి పోదామని గొడవ చేస్తుంటే నేను ఆ షెడ్డు ముందు నుంచి కదల్లేదు. అక్కడ 1971లో డెబొరా స్మిత్, రే మీకర్ అనే అమెరికన్ దంపతులు గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ పెట్టారని, ఆ ఊళ్లో ఇంతమంది ఈ పని చేయడానికి వాళ్లే మూలమని తర్వాత తెలిసింది. ఆ రే మీకర్ మరీ విచిత్రమైన మనిషి. పచ్చి మట్టి ఇటుకలతో ఇల్లు కట్టి, లోపల ఇంకా ఇటుకలు పేర్చి, ఇంటినే బట్టీ చేసి రోజుల తరబడి కాల్చేవాడు. ఇల్లు మొత్తం ఒక కుండ! మా నాన్నకి చెప్తే చాలాసేపు మాట్లాడలేదు, చివరికి ‘కట్టెలు ఎన్ని బళ్లు పట్టాయట?’ అనడిగాడు. వేసవి సెలవులు మూడు వరసగా అక్కడ, ఆ పాటరీలో నేర్చుకుని సొంతంగా పెట్టుకున్న ఒకామె దగ్గర పని నేర్చుకున్నాను. నాకప్పుడు నలభై దాటాయి. బరోడాలో పిల్లుల్నీ పిట్టల్నీ మట్టిలో చేసిన జ్యోత్స్నా భట్, గ్లేజుల లెక్కలు తేల్చడానికే బతుకు ధారపోసిన నిర్మలా పట్వర్ధన్, వీళ్ల గురించి ఆమే చెప్పింది. నిర్మల గారి సంగతి విన్నాకే నా కెమిస్ట్రీ ఇన్నాళ్లూ దేనికి కాచుకుని ఉందో అర్థమైంది.

మొదటి స్టోన్‌వేర్ గిన్నె ఇంటికి తెచ్చి నాన్న చేతిలో పెట్టాను. వేలి కణుపుతో కొట్టి చూశాడు. పగులు ఉంటే బొంగురుగా పలుకుతుంది కదా, ఇది కంచులా మోగింది.

‘ఇది కుండ కాదమ్మాయ్, జాడీ’ అన్నాడు.

‘అవును నాన్నా, జాడీ మట్టే.’

‘నీళ్లు చల్లబడతాయా?’

‘చల్లబడవు. ఇది చెమర్చదు.’

‘కూర వండొచ్చా?’

‘వద్దు, పగులుతుంది.’

‘మరెందుకే ఇంత గ్యాసు తగలేశావు?’

నా దగ్గర జవాబు లేదు. క్లాసులో పిల్లాడు ఎదురు ప్రశ్న వేసినట్టు నిలబడిపోయాను. మర్నాడు పొద్దున లేచి చూస్తే అందులో చద్దన్నం తింటున్నాడు. 2011లో పోయేదాకా అందులోనే తిన్నాడు.

ఆయన ఉండగానే ఒకసారి ఆయన వానిన చిన్న ముంతని నా బట్టీలో పెట్టాను. ఎందుకైనా మంచిదని కింద దళసరి పళ్లెం పెట్టాను, ఆ తెలివి పనికొచ్చింది. ఆవం వేడి 800 డిగ్రీల చుట్టుపక్కల. ఇనుము ఎక్కువున్న చెరువు మట్టి అంతవరకు కుండ, ఇంకో నాలుగైదు వందలు దాటితే పాకం. బట్టీ తెరిచేసరికి ముంత లేదు, పళ్లెంలో బెల్లం పాకంలా నల్లగా నిగనిగలాడే మడుగు ఉంది. నాన్న వేలితో రాసి చూసి, ‘రంగు బాగుంది’ అన్నాడు. అప్పటినుంచి మా ఊరి చెరువు మట్టిని పలచగా కలిపి తెలుపు కింద పూస్తున్నాను. ముఖ్య అతిథి బొటనవేలు ఉన్న చోట బయటపడిన గోధుమ రంగు అదే.

మీరు ఇవన్నీ ఫొటో కింద వేయాలనడం లేదు. అయితే మీ పత్రికకి ముప్పయ్యేళ్లుగా చందా కడుతున్న హక్కుతో ఒక మాట అంటాను. కుమ్మరుల గురించి మీరు ఏడాదికి మూడుసార్లు రాస్తారు. ఎండలు ముదిరినప్పుడు, వినాయక చవితికి, దీపావళికి. శీర్షిక ఎప్పుడూ ‘ఆదరణ కోల్పోతున్న కుమ్మరి వృత్తి’. అందులో ఒక కుమ్మరి పేరూ ఊరూ వేసి, ఆయన కష్టాలు రాస్తారు. అది రాయాల్సిందే, ఆ కష్టం నిజం. కానీ ఆయన ముందున్న కుండ గురించి ఒక్క వాక్యం ఉండదు. మెడ ఎలా ఉంది, కాలిన రంగు ఎలా ఉంది, పక్క ఊరి కుండకీ దీనికీ తేడా ఏమిటి అని ఎవరూ చూడరు. మనిషి మీద జాలి ఉంటుంది, పని మీద చూపు ఉండదు. మాలాంటివాళ్ల దగ్గరికి వచ్చేసరికి జాలి అక్కర్లేదు కాబట్టి పేరూ అక్కర్లేదు. ‘మట్టితో టెన్షన్ మాయం’ అని మొన్న ఫ్యామిలీ పేజీలో వచ్చింది. సారె మీద మట్టి మధ్యకి రాక ఊగుతున్నప్పుడు ఒకసారి వచ్చి చూడండి, టెన్షన్ ఎక్కడుందో చూపిస్తాను.

దేశంలో మిగతా చోట్ల సంగతి వేరే. 2018లో జైపూర్ జవహర్ కళా కేంద్రంలో మట్టి కళకే ప్రత్యేకంగా ట్రైనాలే అనే పెద్ద ప్రదర్శన మొదటిసారి పెట్టారు, రెండోది 2024లో ఢిల్లీలో జరిగింది. జైపూర్‌కి రెండు రాత్రులు రైల్లో వెళ్లొచ్చాను. పచ్చి మట్టి, ఇటుకలు, పెంకులు, గదినిండా ముక్కలు. కొన్ని నాకు నచ్చలేదు, ముఖ్యంగా పక్కన రెండు పేజీల వివరణ చదివితే గానీ అర్థం కానివి. నచ్చినవీ నచ్చనివీ అన్నిటి పక్కనా చేసినవాళ్ల పేరు ఉంది, ఏ మట్టో, ఎంత వేడికి కాల్చారో ఉంది. హైదరాబాద్‌లో కళ చదువుకుని, బరోడాలో సెరామిక్స్ నేర్చి, గోడలంత మట్టి పనులు చేసిన పి.ఆర్. దరోజ్ గారి పేరు ఢిల్లీలో ఈ రంగంలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. మన దగ్గర ఎంతమందికి తెలుసో మీరే మీ డెస్కులో అడిగి చూడండి.

మన దగ్గర ఒక పోటీకి దరఖాస్తు చేశాను. ఫారంలో చిత్రకళ, శిల్పకళ, ఫొటోగ్రఫీ అని మూడే గళ్లు. శిల్పకళలో టిక్ పెట్టి పంపితే, ‘ఇది హస్తకళ’ అని తిప్పి పంపారు. హస్తకళల వాళ్ల దగ్గరికి వెళ్తే, ‘ఇది సంప్రదాయ పని కాదు, మీ ఊరి కుండలు పట్టుకురండి’ అన్నారు. ఆటోలో ఆ గిన్నెని ఒళ్లో పెట్టుకుని తిరిగొచ్చాను. ఆటో అబ్బాయి, ‘ఎంతకి కొన్నారమ్మా, బాగుంది’ అన్నాడు. ఆ రోజుకి వచ్చిన తీర్పు అదొక్కటే.

ఇలా పేరు కోసం పట్టుబడుతుంటే హైదరాబాద్‌లో ఫైన్ ఆర్ట్స్ చదివిన మా మేనల్లుడు ఫోన్ చేసి వాదించాడు. ‘అత్తా, జపాన్‌లో కుండలు చేసే హమదా షోజి అంతటివాడే వాటి మీద పేరు వేసుకోలేదు. పేరు లేని పనివాళ్ల పనిలోనే అసలు అందం ఉందని అక్కడి కళా విమర్శకుడు యానగి అన్నాడు. నువ్వేంటి, క్యాప్షన్ కోసం పోట్లాడుతున్నావు?’ అన్నాడు. వాడు చదివింది నిజమే. మన దేశంలో స్టూడియో పాటరీకి, అంటే ఒక మనిషి కళగా సొంతంగా చేసే మట్టి పనికి, మొదలు కూడా ఆ మాటలు నడుస్తున్న చోటే. సర్దార్ గురుచరణ్ సింగ్ 1919లో సెరామిక్స్ చదువుకోవడానికి జపాన్ వెళ్లి, అక్కడ యానగి, హమదా, ఇంగ్లండు నుంచి వచ్చిన, కుండలు చేసే బెర్నార్డ్ లీచ్‌లతో స్నేహం కుదిరి, 1922లో వేరే మనిషై తిరిగొచ్చారు. 1952లో ఢిల్లీలో సొంత పాటరీ పెట్టి, పాత సమాధుల మీద పలకల్లో కనిపించే ఆ నీలాన్ని టీ కప్పుల మీదకి తెచ్చారు. కుండలో ఆలోచన ఉంటుందని ఈ దేశంలో చదువుకున్నవాళ్లకి మొదట చూపించినవారిలో ఆయన ముందుంటారు.

మేనల్లుడికి నేను చెప్పింది ఇది. ‘ఒరేయ్, హమదా కుండ మీద పేరు వేయలేదు, నిజమే. ఆ కుండని పెట్టి ఇచ్చే చెక్క పెట్టె మీద సంతకం చేసేవాడు. 1955లో వాళ్ల ప్రభుత్వం ఆయన్ని జాతి సంపద అని ప్రకటించింది. అంత పేరున్నాక కుండ మీద వేసుకోకపోయినా ఫరవాలేదు. మీ తాత కూడా పేరు వేసుకోలేదు. ఆయనకి పెట్టె కూడా లేదు.’ వాడు కాసేపు ఆగి, ‘సరే అత్తా, గట్టిగా రాయి’ అన్నాడు. రాస్తున్నాను.

ధర గురించి కూడా ఒక ముక్క. ప్రదర్శనలో ఆ గిన్నె పక్కన 1,800 రూపాయలని చీటీ పెట్టాను. ‘మట్టి గిన్నెకి పద్దెనిమిది వందలా?’ అని కనీసం పదిమంది అన్నారు. పోయినసారి బట్టీలో 40 పెట్టాను, 29 బయటికొచ్చాయి. మిగతా వాటిలో కొన్ని పగిలాయి, కొన్ని గ్లేజు కారి పలకకి అతుక్కుపోయాయి, రెండు నా తొందర వల్ల పోయాయి. చల్లారేటప్పుడు 573 డిగ్రీల దగ్గర క్వార్ట్జ్ తన అమరిక మార్చుకుంటుంది, ఆ దరిదాపుల్లో చల్లగాలి తగిలితే గిన్నె చుట్టూ గాజు గీసినట్టు పగులు వస్తుంది. పిల్లలకి పాఠం చెప్పినదాన్ని నేనే ఆగలేక పక్క ఇటుక తీశాను. సాకులు చెప్పను, ఇది నా తప్పే. నగరంలో రెండు శనివారాలు నేర్చుకుని, మార్కెట్లో దొరికే గ్లేజు డబ్బా పూసి ఇంతకంటే ఎక్కువ ధరకి అమ్మేవాళ్లూ ఉన్నారు. వాటినీ నా పనినీ ఒకటే గాటన కట్టకుండా ఉండాలంటే ఎవరో ఒకరు చూసి, బాగున్నది బాగుందని, బాగోలేనిది బాగోలేదని రాయాలి. నా గిన్నె బాగోలేదని మీరు రాసినా సరే. అంచు ఒకవైపు కాస్త కుంగింది, నాకూ తెలుసు. ఆ మాట రాసి, పక్కన పేరు వేయండి.

ఇంతకీ ఆ గిన్నెకి 1,800 కూడా రాలేదు. ఫొటో అయ్యాక నిర్వాహకులు నా చెవిలో, ‘మేడమ్, సార్‌కి జ్ఞాపికగా ఇచ్చేద్దాం, బాగోదు’ అన్నారు. ఇచ్చేశాను. శాలువా ఎవరు కప్పారో కూడా మీ వార్తలో ఉంది.

కాబట్టి నేను అడుగుతున్నది రెండు లైన్ల సవరణ. ఎలా వేయాలో కూడా రాసిస్తున్నాను: ‘గిన్నె, స్టోన్‌వేర్, వ్యాసం 9 అంగుళాలు, చెరువు మట్టి పూత మీద ఊక బూడిద గ్లేజు, 1,280 డిగ్రీల వద్ద కాల్చినది. చేసినవారు:’ అని పెట్టి ఖాళీ వదిలాను. ఈ ఉత్తరం కింద కూడా నా పేరు రాయడం లేదు. అది మీకు వేరే చోట దొరుకుతుంది. ప్రతి గిన్నె అడుగునా పచ్చిగా ఉన్నప్పుడే సూదిమొనతో చెక్కుతాను, నా పేరు, దాని కింద మా నాన్న పేరు. ఆ గిన్నె ముఖ్య అతిథి గారి ఇంట్లో ఉంది. ఆయన ఫోన్ నంబర్ మీ డెస్కులో ఉండే ఉంటుంది. ఒకసారి ఫోన్ చేసి తిరగేసి చదవమనండి. అందులో పళ్లో తాళాలో వేసి ఉంటే ముందు తీసేయమని చెప్పండి, అంచు కాస్త జారుడు.

ఇట్లు,
తదితరుల్లో ఒకరు (నీలం చీర)
తూర్పు గోదావరి జిల్లా